గ్రానైట్‌లో అడుగుజాడ ఎందుకు ఉండదు?

బహదూర్‌పురా జూకి వెళ్తే ఏనుగుల్ని చూసి వచ్చేయకండి. అక్కడి గుండ్రాళ్లనూ ఒకసారి తాకండి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు!

దానిమీద పాతకాలపు జంతువు అడుగుజాడ మాత్రం దొరకదు. భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లారి గ్రానైట్ అయింది. అక్కడ నడిచేదెవరు? అడుగు పడాలంటే మీర్ ఆలం చెరువు గట్టులాంటి మెత్తని బురద కావాలి. అది ఎండాలి, దానిమీద కొత్త ఒండ్రు పరుచుకోవాలి, రెండూ రాయిగా మారాలి.

పోలండ్‌లోని ఒక క్వారీలో అలాగే నిలిచిపోయిన నాలుగు కాళ్ల జంతువుల జాడల గురించి 2010లో ప్రకటించారు. వయసు దాదాపు 39 కోట్ల ఏళ్లు. కొన్ని 26 సెంటీమీటర్ల వెడల్పు! అంటే చేప నుంచి నాలుగు కాళ్ల జంతువు అనుకున్నదానికంటే చాలా ముందే పుట్టిందన్నమాట. అవి చేపలు చేసిన గుంతలేనని వాదించేవాళ్లూ ఉన్నారు. నాకైతే వేళ్ల గుర్తులే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది.

వయసెలా తెలుస్తుంది? గ్రానైట్‌లో జిర్కాన్ అనే ఇసుకరేణువంత స్ఫటికాలుంటాయి. వాటిలోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత సీసం చేరిందో కొలిస్తే వయసు తేలుతుంది. బురదరాయికి ఈ లెక్క నేరుగా కుదరదు. దానిలోని రేణువులు అంతకుముందున్న రాళ్లవి. అందుకే పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిద పొరల వయసు కడతారు, లేదా అదే పొరలోని శిలాజాలతో పోలుస్తారు. పోలండ్‌లో శిలాజాలే దారి చూపాయి.