తోలుకు నలుపు, ఆమ్లమునకు విరుగుడు

ప్రాణహిత గోదావరిలో కలియు మన సిరొంచ సీమ యడవులలో కరక్కాయ లభించును. కరక్కాయ, తంగేడుచెక్కలయందలి టానిను అను వగరు పదార్థముతో పదును చేసిన తోలును ఇంటనే నల్లగా చేయవచ్చును.

సిర్కాలో ఇనుప రజను కొన్ని దినములు నానవేయవలెను. వాయువు వెలువడును గనుక మూత బిగింపరాదు. ఆ నీటిని వడగట్టి పూసినచో ఇనుము టానినుతో కలిసి తోలు నల్లబడును. కరక్కాయ, అన్నభేది కలిపిన పూర్వపు సిరా నలుపునకును కారణ మిదియే. టానిను లేని క్రోము తోలు ఇట్లు నల్లబడదు.

అయితే పని యంతటితో ముగియదు. మిగిలిన ఆమ్లము తోలు నారలను క్రమముగా బలహీనపరచును. కొన్నాళ్ళకు చెప్పు వారు తెగును. కావున లీటరు నీటిలో ఒక చిన్న చెంచా వంటసోడా కరగించి, తోలును కొద్ది నిమిషములు తడుపవలెను. సోడా ఆమ్లమును విరుచునపుడు బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడును. సోడా మితిమీరినను కీడే. అట్టి తోలు స్వభావముచేతనే కొంచెము ఆమ్లగుణము గలది. క్షార మధికమైనచో పెళుసై పగులును.

పిదప మంచినీట కడిగి, నీడ నారవేసి, కొంచెము తడి యుండగనే ఆముదము పట్టింపవలెను.

విద్యార్థులారా! ముందుగా పనికిరాని తోలుముక్కపై పరీక్షించి చూడుడు.