పుట్టిన రేవుకు తిరిగొచ్చిన ఓడ

ఉప్పు తగిలిన కత్తిపీటను కడగకుండా వదిలేస్తే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. మరి ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నిలబడిన ఇనుప ఓడ ఏమవుతుంది? అలాంటి ఒక ఓడను కాపాడుకున్న వాళ్ల కథ ఇది.

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే రేవు పట్టణం ఉంది. 1843లో అక్కడ ఒక పెద్ద ఓడను కట్టి నీళ్లలోకి దింపారు. దాని పేరు గ్రేట్ బ్రిటన్. కట్టించిన ఇంజనీరు పేరు బ్రూనెల్. ఆ రోజుల్లో ఓడలను ఎక్కువగా కొయ్యతో కట్టేవారు. దీన్ని ఇనుముతో కట్టారు. పొడవు 322 అడుగులు. ఆవిరి యంత్రంతో నడిచేది. తెరచాపలు కూడా ఉండేవి.

1852 నుంచి ఈ ఓడ ఆస్ట్రేలియాకు జనాన్ని చేరవేసింది. బతుకుతెరువు కోసం వేలమంది ఎక్కారు. ప్రయాణం సుమారు రెండు నెలలు. మేకలు, గొర్రెలు, కోళ్లు కూడా ఓడలోనే ఉండేవి. కొందరు తల్లులు ఓడలోనే ప్రసవించారు. చదువు వచ్చిన కొందరు ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకున్నారు. ఆ రాతల వల్లే ఆనాటి కష్టసుఖాలు ఇప్పుడు తెలుస్తున్నాయి.

ఓడ పాతబడింది. 1886లో తుఫానుకు దెబ్బతిని ఫాక్‌లాండ్ దీవులు చేరింది. అవి దక్షిణ అమెరికా చివర ఉన్నాయి. అక్కడ దాన్ని గోదాములా వాడుకున్నారు. 1937లో అడుగున చిల్లులు పెట్టి తీరం దగ్గర వదిలేశారు.

1967లో ఇవాన్ కార్లెట్ అనే ఓడల ఇంజనీరు ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. ఈ ఓడను కాపాడాలన్నాడు. ఆ ఉత్తరంతో పని మొదలైంది. జాక్ హేవర్డ్ అనే ధనవంతుడు ఖర్చు భరించాడు.

1970లో పనివాళ్లు వెళ్లి చూశారు. ఓడ పక్కన పెద్ద పగులు ఉంది. దీవిలోని జనం తమ ఇళ్లలోని పాత పరుపులు ఇచ్చారు. వాటిని కుక్కి పగులు మూశారు. లోపలి నీళ్లు తోడేశారు. పెద్ద బల్లకట్టును నీళ్లలో ముంచి, ఓడను దాని మీదికి చేర్చి, మళ్లీ తేల్చారు. అలా 7 వేల మైళ్లకు పైగా లాక్కొచ్చారు. జూలై 19న ఓడ తనను కట్టిన చోటికే చేరింది. 127 ఏళ్ల కిందట అది నీళ్లలోకి దిగింది కూడా జూలై 19నే!

అంతటితో కష్టం తీరలేదు. ఇనుములోకి ఉప్పు దిగిపోయింది. కడిగినా పోదు. తడి గాలి తగిలితే చాలు, తుప్పు పెరుగుతుంది. అందుకని ఓడ చుట్టూ నీటి మట్టం ఎత్తున అద్దాలు పరిచారు. అద్దాల కింద గాలిలోని తేమను యంత్రాలతో తీసేస్తారు. అక్కడి గాలి ఎడారి గాలిలా పొడిగా ఉంటుంది. అద్దాల మీద పలచగా నీళ్లు నిలిపారు. పైనుంచి చూస్తే ఓడ తేలుతున్నట్టే ఉంటుంది. 2005 నుంచి ఈ ఏర్పాటు ఉంది. పిల్లలు ఓడ ఎక్కి, తమ పెద్దలు పడుకున్నలాంటి ఇరుకు మంచాలు చూస్తున్నారు.

తెలుగువాళ్లు కూడా కూలి కోసం సముద్రాలు దాటారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాకు కూలీలను తీసుకుపోయింది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ఓడ ఇప్పుడు లేదు. అయితే అందులో వెళ్లినవాళ్ల పేర్ల పట్టీ మిగిలింది. దక్షిణాఫ్రికాలో ఉన్న వాళ్ల వారసులు అలాంటి పట్టీల్లో తమ పెద్దల పేర్లు వెతుక్కుంటారు.

మీ ఊరి నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు ఉన్నారా? ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్ల పేర్లు, వెళ్లిన ఊళ్లు రాసి పెట్టండి.