రీబూట్ సమయంలో సీరియల్ కన్సోల్ మౌనం: కారణాలు, నిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం

సింగిల్ బోర్డు కంప్యూటర్‌ను రీబూట్ చేసినప్పుడు సీరియల్ కన్సోల్‌పై సందేశాలు ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. సందేశాలు ఆగినంతమాత్రాన బోర్డు చెడిపోయినట్లు కాదు. చివరి సందేశం ఏ దశకు చెందినదో గుర్తిస్తే లోపం ఎక్కడ ఉందో చాలావరకు తెలుస్తుంది. రీబూట్‌లోని దశలను, ఒక్కో దశలో సందేశాలు ఆగడానికి గల కారణాలను, పరీక్షించవలసిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సింగిల్ బోర్డు కంప్యూటర్, సీరియల్ కన్సోల్, రీబూట్, బూట్‌లోడర్, కెర్నల్, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు కంప్యూటర్ శిక్షణ సంస్థలకు పేరుపొందాయి. సినీకార్మికుల నివాసప్రాంతంగా ప్రసిద్ధమైన కృష్ణానగర్ వీటికి చేరువలోనే ఉంది. ఇటువంటి చోట గది అద్దెకు తీసుకొని ఎంబెడెడ్ సిస్టమ్స్ నేర్చుకొనే విద్యార్థికి ప్రయోగశాల అంటే ఒక చిన్న బోర్డు, ఒక మెమరీ కార్డు, ఒక యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు, ఒక ల్యాప్‌టాప్. బోర్డుకు విడిగా తెర గాని కీబోర్డు గాని లేనప్పుడు, దాని లోపల ఏం జరుగుతున్నదో తెలిపేది సీరియల్ కన్సోలే. రీబూట్ తర్వాత అది మూగబోతే "బోర్డు పోయింది" అనుకోవడం సహజం.

తెలుగులో 'పోవు' విస్తృతార్థం గల క్రియ. కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, ప్రాణం పోయింది అనే ప్రయోగాలలో మొదటి రెండూ తిరిగి వచ్చేవి, మూడవది రానిది. సాంకేతిక నిర్ధారణకు ఈ భేదమే ముఖ్యం. అందువల్ల ఈ వ్యాసంలో మూడు స్థితులను వేరువేరు మాటలతో సూచించడం జరిగింది. బోర్డు పనిచేస్తూ ఉన్నా సందేశాలు కనిపించకపోవడం మౌనం. ఏదో ఒక దశలో పని నిలిచిపోవడం స్తంభన. భౌతికంగా భాగాలు పాడవడం నష్టం. మౌనాన్ని నష్టంగా భావిస్తే కొత్త బోర్డు కొనడమో, కార్డును చెరిపి వ్యవస్థను మళ్లీ ఎక్కించడమో జరుగుతుంది. రెండవ సందర్భంలో కార్డులో ఉన్న నెలల తరబడి ప్రాజెక్టు పని కూడా చెరిగిపోతుంది.

2. సీరియల్ కన్సోల్ స్వరూపం

సీరియల్ కన్సోల్‌కు మూడు తీగలు చాలు: పంపే తీగ, అందుకొనే తీగ, గ్రౌండ్. బోర్డు పంపే పిన్నును అడాప్టరు అందుకొనే పిన్నుకు, అడాప్టరు పంపే పిన్నును బోర్డు అందుకొనే పిన్నుకు కలపాలి. ర్యాస్ప్‌బెర్రీ పై నలభై పిన్నుల వరుసలో 6వది గ్రౌండ్, 8వది పంపేది, 10వది అందుకొనేది. ఈ పిన్నులు 3.3 వోల్టులకు నిర్దేశించినవి. 5 వోల్టుల సంకేతమిచ్చే అడాప్టరును కలిపితే నిజమైన నష్టమే సంభవించవచ్చు.

సాధారణంగా వాడే వేగం సెకనుకు 115200 బిట్లు. ఒక్కో బైటుకు ప్రారంభ, ముగింపు బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి గనుక సెకనుకు గరిష్ఠంగా 11,520 బైట్లు ప్రయాణిస్తాయి. ఈ మూడు తీగల అమరికలో అవతలివారు వింటున్నారో లేదో తెలిపే సంకేతం ఉండదు. రెండు వైపులా ఒకే వేగం ఉన్నదో లేదో సరిచూసే ఏర్పాటు కూడా లేదు. కాబట్టి తెర ఖాళీగా ఉండడం ఒక్కటే ఏ నిర్ణయానికీ ఆధారం కాజాలదు.

3. రీబూట్‌లోని దశలు

ఒకే తెరపై కనిపించినా రీబూట్ సందేశాలను పంపేది ఒకే ప్రోగ్రాము కాదు. మొదట సేవలు ఆగిన తర్వాత పాత కెర్నల్ రీస్టార్ట్ అవుతున్నట్లు తెలుపుతుంది. తర్వాత చిప్‌లోని ప్రాథమిక ప్రోగ్రాము, దాని వెంట బూట్‌లోడర్, ఆపై కొత్త కెర్నల్, చివరకు లాగిన్ ప్రోగ్రాము వరుసగా బాధ్యత తీసుకొంటాయి. వీటిలో సందేశాలిచ్చే ప్రతి ప్రోగ్రామూ తనకు తెలిసిన పోర్టునే, తనకు నిర్దేశించిన వేగంతోనే వాడుకొంటుంది. బాధ్యత చేతులు మారే ఈ సంధులలోనే సమస్యలు ఎక్కువగా తలెత్తుతాయి.

4. దశలవారీ నిర్ధారణ

4.1 బూట్‌లోడర్ దశ: అనేక బోర్డులలో వాడే యూ-బూట్ కొన్ని సెకన్లు లెక్కించి కెర్నల్‌ను ప్రారంభిస్తుంది. ఈలోగా ఏదైనా కీ నొక్కితే ఆగిపోతుంది. అందుకొనే పిన్ను దేనికీ కలపకుండా గాలిలో ఉన్నప్పుడు, లేదా తీగలోకి విద్యుత్ అలజడి చేరినప్పుడు, యూ-బూట్ దానిని కీ నొక్కినట్లుగా గ్రహించవచ్చు. 2013లో విడుదలైన బీగిల్‌బోన్ బ్లాక్ వాడుకరులకు ఇది పరిచితమైన సమస్య. ఎంటర్ నొక్కగానే యూ-బూట్ ప్రాంప్ట్ కనిపిస్తే ఇది స్తంభన మాత్రమేనని తెలుస్తుంది. అక్కడ 'బూట్' అని టైపు చేస్తే ప్రారంభం కొనసాగుతుంది. శాశ్వత పరిష్కారంగా 'బూట్‌డిలే' విలువను -2 చేస్తే యూ-బూట్ కీల కోసం చూడదు. అయితే అవసరమైనప్పుడు దానిని ఆపే వీలు కూడా పోతుంది. అభ్యాసానికి వాడే బోర్డులో అందుకొనే పిన్నుకు పుల్-అప్ రెసిస్టరు కలపడం మేలు.

4.2 కెర్నల్ దశ: 'స్టార్టింగ్ కెర్నల్' అన్నది చివరి సందేశమైతే, కెర్నల్ పనిచేస్తూనే మరో పోర్టుకు సందేశాలు పంపుతూ ఉండవచ్చు. కెర్నల్‌కు ఇచ్చే 'కన్సోల్' పరామితిలోని పోర్టు పేరును, వేగాన్ని సరిచూడాలి. బీగిల్‌బోన్ బ్లాక్ పాత కెర్నల్‌లో 'టీటీవైఓ0'గా ఉన్న పోర్టు, డ్రైవర్ మారిన తర్వాత 'టీటీవైఎస్0' అయింది. 2023లో వచ్చిన ర్యాస్ప్‌బెర్రీ పై 5లో కన్సోల్ కోసం మూడు పిన్నుల ప్రత్యేక కనెక్టరును ఏర్పాటు చేశారు. పాత అలవాటు ప్రకారం 8, 10 పిన్నులకే తీగలు కలిపినవారికి మౌనమే ఎదురుకావచ్చు. నెట్‌వర్క్ ద్వారా పింగ్‌కు బోర్డు బదులిస్తే అది మౌనమని తేలుతుంది. బదులు రాకపోతే 'క్వయట్' పరామితిని తొలగించి, 'ఎర్లీకాన్' చేర్చి, కెర్నల్ తొలి సందేశాలను రాబట్టాలి.

4.3 అర్థంకాని అక్షరాలు: సందేశాలన్నీ చెదిరి కనిపిస్తే మొదట అనుమానించవలసినది వేగభేదాన్ని. 2016 నాటి ర్యాస్ప్‌బెర్రీ పై 3లో ప్రధాన సీరియల్ పోర్టును బ్లూటూత్‌కు కేటాయించి, పిన్నులకు మినీ పోర్టును ఇచ్చారు. మినీ పోర్టు వేగం కోర్ గడియారంపై ఆధారపడుతుంది కాబట్టి గడియారం మారితే అక్షరాలు చెదురుతాయి. కాన్ఫిగరేషన్ ఫైలులో 'ఎనేబుల్ యూఆర్ట్' విలువను 1 చేస్తే ఈ గడియారం స్థిరపడుతుంది.

ఇంగ్లీషు సరిగా ఉండి తెలుగు మాత్రమే చెదిరితే వేగం కారణం కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు అవసరం. 'తెలుగు' అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలున్నాయి కనుక దానికి 18 బైట్లు పడతాయి. టెర్మినల్ వాటిని ఒక్కో బైటుగా విడగొట్టి చూపితే మాట చెదురుతుంది. అప్పుడు సరిచూడవలసినవి టెర్మినల్ ఎన్‌కోడింగ్, ఫాంటు.

4.4 లాగిన్ దశ: సందేశాలు వస్తున్నా టైపు చేసినది చేరకపోతే, టెర్మినల్ ప్రోగ్రాములో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ను ఆపివేయాలి. మూడు తీగల అమరికలో దానికి అవసరమైన తీగలు ఉండవు. పొరపాటున కంట్రోల్-ఎస్ నొక్కడం వల్ల తెర ఆగితే కంట్రోల్-క్యూతో తిరిగి కదులుతుంది.

4.5 విద్యుత్ ఆపి మళ్లీ ఇచ్చినప్పుడు: కరెంటు తీసినా, ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉన్న అడాప్టరు సీరియల్ తీగ ద్వారా బోర్డుకు స్వల్పంగా విద్యుత్తును అందించవచ్చు. దానివల్ల చిప్ పూర్తిగా ఆరిపోక, సక్రమంగా రీసెట్ కాదు. తీగలు తీసి, కొద్దిసేపు ఆగి, మళ్లీ విద్యుత్ ఇస్తే ఈ విషయం తేలుతుంది. ఇక సీరియల్ చిప్ బోర్డుపైనే ఉండి బోర్డు విద్యుత్తుతోనే పనిచేసే రకాలలో, విద్యుత్ తిరిగి రాగానే 'టీటీవైయూఎస్‌బీ0' కాస్తా 'టీటీవైయూఎస్‌బీ1' కావచ్చు. టెర్మినల్ పాత పేరునే పట్టుకొని ఉంటే ఏమీ కనిపించదు.

5. పరీక్షా క్రమం

ఖర్చు లేనివి, డేటాకు ప్రమాదం లేనివి ముందు చేయాలి. మొదట అడాప్టరును బోర్డు నుంచి విడదీసి దాని పంపే, అందుకొనే పిన్నులను ఒకదానికొకటి కలపాలి. టైపు చేసినది తెరపై తిరిగి కనిపిస్తే అడాప్టరు, ల్యాప్‌టాప్ పోర్టు బాగున్నట్లే. తర్వాత గ్రౌండ్, తీగల అమరిక, వేగం, ఫ్లో కంట్రోల్ సరిచూడాలి. ఆ వెంట టెర్మినల్ లాగ్‌ను ఫైలులో భద్రపరుస్తూ రీబూట్ చేసి, చివరి సందేశాన్ని గుర్తించాలి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయాలి. కార్డుకు పూర్తి ప్రతి తీసుకోకుండా దానిని చెరపరాదు. వీలైతే మరో కార్డుతో పరీక్షించాలి.

6. ముగింపు

1. సీరియల్ కన్సోల్ మౌనం బోర్డు నష్టానికి నిదర్శనం కాదు. పింగ్ వంటి మరో ఆధారంతో దానిని సరిచూడాలి.
2. చివరి సందేశం బాధ్యత ఏ దశలో చేతులు మారిందో తెలుపుతుంది. పరిశీలన అక్కడ మొదలు కావాలి.
3. తెలుగు మాత్రమే చెదరడం ఎన్‌కోడింగ్‌కు, అన్ని అక్షరాలూ చెదరడం వేగభేదానికి సూచన.
4. మౌనం, స్తంభన, నష్టం అనే భేదాన్ని బోధనలో పాటిస్తే, విద్యార్థి తన సమస్యను 'పోయింది' అనే ఒక్క మాటతో ముగించక, ఎక్కడ ఆగిందో చెప్పగలుగుతాడు. అధ్యాపకుడు దూరం నుంచి సహాయం చేయడానికి కూడా ఆ వివరణే ఆధారం.