గూండా మనోడే... నవ్వు ఎవరిది?

తమిళంలో గూండా వేషం వేసింది తెలుగాయన. కన్నడంలో అదే గూండా వేషం కట్టిందీ తెలుగాయనే. తీరా ఆ కథ తెలుగులోకి వచ్చేసరికి, గూండా వెంటపడే కుర్ర దర్శకుడి వేషం తమిళ నటుడికి దక్కింది. ఇలా సరిహద్దుకు అటూ ఇటూ తిరిగిన కథ ‘జిగర్‌తండా’. నాలుగు భాషల్లో నాలుగు సినిమాలయింది. ఒకచోట జాతీయ అవార్డులు, ఇంకోచోట ఈలలు, మరోచోట పెదవి విరుపులు. కథ ఒకటే అయినప్పుడు తీర్పులు ఇన్నెందుకు?

జిగర్‌తండా అంటే మదురైలో దొరికే చల్లటి పానీయం. పాలు, నన్నారి షర్బత్, బాదం బంక, పైన ఐస్‌క్రీమ్. ఒకే గ్లాసులో అన్నీ కలిపినట్టే దర్శకుడు కార్తీక్ సుబ్బరాజ్ 2014 ఆగస్టు 1న విడుదలైన ఈ సినిమాలో నెత్తురునీ నవ్వునీ కలిపేశాడు.

కొరివితో తల గోక్కున్నట్టు...

మన ‘బొమ్మరిల్లు’ సిద్ధార్థ్ ఇందులో దర్శకుడు కావాలని తిరిగే కుర్రాడు. గూండాల సినిమా తియ్యమని నిర్మాత అడిగితే, అసలు గూండానే చూసి రాద్దామని మదురై వెళ్తాడు. అక్కడ ‘అసాల్ట్’ సేతు అంటే జనానికి హడల్. దొంగచాటుగా వాడి వివరాలు కూపీ లాగబోయి దొరికిపోతాడు. చంపేస్తాడనుకున్న సేతు విషయం తెలిసి మురిసిపోతాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ‘నా కథలో నేనే హీరో’ అని కూర్చుంటాడు!

కాదంటే ప్రాణం పోతుంది, సరేనంటే సినిమా పోతుంది. నటన నేర్పడానికి ఓ మాస్టారును పెట్టి, ఎలాగోలా షూటింగ్ పూర్తి చేస్తాడు కుర్రాడు. తీరా థియేటర్లో బొమ్మ పడ్డాక, తనను చూసి జనం భయపడతారనుకున్న సేతు ఎదుటే వాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. చివరికి కత్తి పట్టినవాడు నవ్వించే నటుడవుతాడు. కెమెరా పట్టినవాడేమో బెదిరించి పని చేయించుకోవడం మరుగుతాడు. నవ్వులో చేదు ఉంది. అందుకే దీన్ని మామూలు కామెడీల్లో చేర్చలేం.

అటు తెలుగాయన, ఇటు తెలుగాయన

సేతుగా నటించిన బాబీ సింహాది తెలుగు కుటుంబం. వాళ్లు కొడైకెనాల్ వెళ్లి స్థిరపడ్డారు. మదురై యాసలో మదురై గూండాగా ఆయన చేసిన నటనకు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఎడిటింగ్‌కు వివేక్ హర్షన్‌కు మరొకటి. విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. అయితే దాదాపు మూడు గంటల నిడివి మీద, రెండో సగంలో బాట మారడం మీద సణుగుళ్లు వినిపించాయి. గూండాల కథనుకుని వెళ్లినవాళ్లకు సగం నుంచి వేరే సినిమా మొదలైనట్టు అనిపించింది మరి!

2016లో ‘ఈగ’ సుదీప్ దీన్ని కన్నడంలో నిర్మించారు. అక్కడ గూండా పి.రవిశంకర్. పీజే శర్మ కొడుకు, సాయికుమార్ తమ్ముడు. ‘అరుంధతి’లో పశుపతికి గొంతిచ్చి మనకు బొమ్మాళి రవిశంకర్ అయ్యారు. ‘కెంపేగౌడ’లో ఆర్ముగంగా కన్నడిగులను వణికించిన ఆయననే ఇక్కడ నవ్వులపాలు చెయ్యడం మంచి ఎత్తు. కానీ తమిళంలో వచ్చినంత పేరు ఈ సినిమాకు రాలేదు.

పేరు మారిన రాత్రి

తెలుగులో హరీశ్ శంకర్ 2019లో తీశారు. గూండా వరుణ్ తేజ్, దర్శకుడి వేషం తమిళ నటుడు అధర్వ. మొదట పెట్టిన పేరు ‘వాల్మీకి’. బోయవాడు ఆదికవి అయ్యాడు కదా, గూండా నటుడయ్యాడన్న కథకు ఆ పేరు కుదురుతుందని సినిమా వాళ్ల లెక్క. వాల్మీకి మహర్షి పేరు గూండా సినిమాకా అని బోయ వాల్మీకి సంఘాలు మండిపడ్డాయి. వివాదం కోర్టుకెక్కింది. సెప్టెంబరు 20న విడుదలనగా ముందురోజు రాత్రి ‘గద్దలకొండ గణేష్’ అయింది.

సరిహద్దులో ఉన్న మనకు ఆ కోపం కొత్త కాదు. బళ్లారి, చిత్రదుర్గ వైపు వాల్మీకి నాయకులు ఎస్టీలు. గట్టు దాటి కర్నూలు, అనంతపురం వెళ్తే బోయలు బీసీలు. ఎస్టీల్లో చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతున్నవాళ్లకు ఆ పేరు ఒట్టి సినిమా టైటిల్ కాదు. సినిమా వాళ్లకు దురుద్దేశం లేకపోవచ్చు. పేరు వెనక ఉన్న మనుషుల్ని ముందే తలచుకుని ఉంటే ఆ రాత్రి హడావుడి తప్పేది.

సినిమా ఆడింది. తెలంగాణ యాసలో వరుణ్ తేజ్‌ను అందరూ మెచ్చుకున్నారు. మాతృకలో లేని ప్రేమకథ, ‘దేవత’ (1982)లోని బిందెల పాట ఇందులో చేరాయి. మాస్ జనం ఈలలు వేశారు. విమర్శకులు మాత్రం రెండుగా చీలారు. మనకు తగ్గట్టు మలిచారని కొందరు, కథలో పదును తగ్గిందని కొందరు. 2022లో అక్షయ్ కుమార్‌తో హిందీలో వచ్చిన ‘బచ్చన్ పాండే’ అయితే బాక్సాఫీసు దగ్గర బోల్తా కొట్టింది.

హీరోను చూసి నవ్వగలమా?

చిక్కంతా ఇక్కడే ఉంది. తమిళంలో సేతు స్టార్ కాదు. పైకి వస్తున్న నటుడు. వాణ్ని చూసి జనం నవ్వితే కథ నిలబడుతుంది. తెలుగులో, హిందీలో గూండా అంటే పోస్టరు మీది హీరో. అభిమానుల ముందు హీరో ఎంతవరకు వెర్రిబాగులవాడు కాగలడు? అందుకే పాటలతో, ప్రేమతో వాణ్ని మళ్లీ పైకి ఎత్తాలి. ఎత్తిన కొద్దీ నవ్వు తగ్గుతుంది. విమర్శకులు విసుక్కున్నదీ, జనం ఈల వేసిందీ ఒక్కచోటే!

ఎవరి తీర్పు సరైందని హోసూరులోనో బళ్లారిలోనో ఉన్న మనం వేరే ఎవర్నీ అడగక్కర్లేదు. మనకు రెండు భాషలొచ్చు. ఓ ఆదివారం రెండూ వరుసగా చూడండి. గూండా సినిమా థియేటర్లో పడే సన్నివేశం దగ్గర మీ ఇంట్లోవాళ్లు ఎక్కడ ఎక్కువ నవ్వారో గమనించండి. ఆ గూండా ఏ భాషవాడైనా, అసలు సమీక్ష అదే.