నైట్ షిఫ్టు మనిషికి పొద్దుగాల ఎప్పుడు?

మందుల చీటీ మీద డాక్టరు 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. మా భూపాలపల్లిలో చాలా ఇళ్లలో ఈ లెక్క చెల్లదు. ఇక్కడ సింగరేణి బొగ్గుబాయి పని మూడు షిఫ్టులు నడుస్తుంది. నైట్ షిఫ్టు చేసి ఇల్లు చేరిన మనిషికి పొద్దుగాల అంటే పడుకునే వేళ. స్నానం చేస్తాడు, చీటీలో ఉంది కాబట్టి షుగర్ గోలీ మింగుతాడు, తినే ఓపిక లేక దుప్పటి కప్పుకుంటాడు. గ్లిమెపిరైడ్ లాంటి గోలీకి ఆయన తిన్నాడా లేదా అన్నది పట్టదు. క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. "డ్యూటీ జేసి అలిసి పండుకున్నడు, లేపకుండ్రి" అని భార్య పిల్లల్ని బయటికి పంపుతుంది. లోపల ఆయన చెమటతో తడిసిపోయి ఉంటాడు.

అందుకే డిశ్చార్జి నాడు నేను ముందు మందుల ఊసెత్తను. "అన్నా, ఈ వారం ఏ షిఫ్టు? ఇంటికొచ్చినంక ఏం తింటవ్, ఎప్పుడు తింటవ్?" అని అడుగుతాను. జవాబు విని, అవసరమైతే చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి వేళలు మార్పించుకొస్తాను. మందు మార్చే అధికారం నర్సుకు లేదు. కానీ ఆ మనిషి ఎప్పుడు తింటాడో డాక్టరుకు చెప్పాల్సింది నర్సే.

భార్యకు చెప్పేది వేరే ఉంటుంది. చెమట, వణుకు, ఉన్నట్టుండి ఆకలి, పొంతన లేని మాటలు కనిపిస్తే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు కోలుకోకపోతే మళ్లీ ఇయ్యాలి, కోలుకుంటే అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

నర్సు అంటే సూది, సెలైన్ అనుకుంటారు జనం. రోగికి నేర్పడం కూడా మా చదువులో ఒక పాఠమే. వార్డులోకొచ్చేసరికి అది రెండు నిమిషాల పనైపోతుంది. బయట ఆటో ఆగి ఉంటుంది, కాటారం బస్సు పోతుందని చుట్టాల తొందర. "అర్థమైందా?" అంటే "అయింది సిస్టరమ్మా" అంటారు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు నేనెప్పుడూ వినలేదు. అందుకే మాట మార్చుకున్నాను. "అవ్వా, ఇంటికి పోయినంక మీ కోడలికి ఎట్ల జెప్తవ్? నేనే నీ కోడలిననుకో, జెప్పు." అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. బీపీ గోలీ తల నొచ్చినప్పుడే వేసుకోవాలని ఒకరు చెప్తారు. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏ నొప్పీ ఉండదు, గోలీ రోజూ మింగాల్సిందే. అది ఒప్పించడానికి ఇంకో పది నిమిషాలు. ఆటో ఆయన హారన్ కొడతాడు. కొట్టనీ.

ఇన్సులిన్ దగ్గరైతే నోటితో చెప్పించుకుంటే సరిపోదు, చేసి చూపించమంటాను. మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో రెండు రకాలున్నాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. 40 సీసాలోని మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. 100 సీసాలో ఎర్రమూత సిరంజి పెట్టి అదే 20 గీతకు లాగితే 50 యూనిట్లు పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో సిరంజి అడిగేటప్పుడు ఖాళీ సీసా వెంట తీసుకుపొమ్మని చెప్తాను.

ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఐసు గడ్డకట్టే అరలో సీసా పెడతారు, మందు పాడవుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పారేయాల్సిందే. ఫ్రిజ్ లేని ఇంటికి కుండ చాలు. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, లోపల ప్లాస్టిక్ కవర్లో సీసా. ఎండాకాలం మా దగ్గర బొగ్గు గనుల వేడి కూడా తోడవుతుంది కాబట్టి ఇసుక ఎండనీయకూడదు.

షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. మే ఎండకు కాలిన గోదావరి ఇసుక మీద మొద్దుబారిన కాళ్లతో నడిస్తే బొబ్బ లేచినా తెలియదు. నీళ్ల అంచు దాకా చెప్పులు తొడుక్కునే పొమ్మని షుగరున్న వాళ్లకు చెప్తే, "దేవుని కాడ చెప్పులేంది బిడ్డా" అంటారు పెద్దవాళ్లు. దేవుని సంగతి నేను మాట్లాడను. "సరే బాపూ, తడి తుడుచుకొని, రాత్రికి మనవడితోటి అరికాళ్లు, వేళ్ల సందులు చూపించుకో" అంటాను. అది మాత్రం వింటారు.

ఇంట్లోవాళ్లకు నేర్పితే ఏమవుతుందో 1971లోనే తేలింది. బంగ్లాదేశ్ యుద్ధంలో బెంగాల్‌లోని బన్‌గావ్‌కు శరణార్థులు వచ్చిపడ్డారు, కలరా సోకింది, సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు సిద్ధం చేయించి, తాగించే పని రోగుల బంధువులకు అప్పజెప్పారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి.

ఆ నీళ్లే ఇవ్వాళ ఓఆర్‌ఎస్ ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. చాలా ఇళ్లలో కొంచెం పొడి గ్లాసులో వేసి మిగతాది మడిచిపెడతారు. పాళ్లు తప్పితే అది మందు కాదు. దాంతోపాటు పిల్లలకు ఇచ్చే జింక్ గోలీ, విరేచనాలు రెండో రోజే కట్టుకున్నా 14 రోజులు వేయాలి. ఈ 14 రోజులు పొలం పనికి పోయే తల్లికి గుర్తుండవు. గోడ మీది క్యాలెండర్‌లో రోజుకో గీత కొట్టమని బడికి పోయే అక్కకు చెప్తాను. ఆ పిల్ల తమ్ముడి గోలీతో ఆగదు, నానమ్మ బీపీ గోలీ లెక్క కూడా తీస్తుంది.