వైండింగ్ షాపులో వేసవి సెలవులు

మావైపు పొలం మోటార్లు ఎక్కువగా కాలేది సింగిల్ ఫేజింగ్ వల్లే. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద కరెంటు పెరిగి, ఆ వేడికి తీగ మీది ఎనామిల్ మాడిపోతుంది. పాత తీగ పీకేటప్పుడే చుట్లు లెక్కపెట్టాలి, గేజి కొలవాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా మా మేస్త్రీ కాయిల్ మొత్తం విప్పమంటాడు. (మన కంపైలరే నయం, లైన్ నంబరైనా చెప్తుంది!) అక్కడ వరి ఎండిపోతోందని రైతు గుమ్మంలోనే కూర్చున్నా సరే, వార్నిష్ ఆరందే మోటారు ఇవ్వడు. స్లాట్లలో కాగితం సరిగ్గా పడకపోతే తీగ బాడీకి తగిలి మళ్లీ కాలిపోద్ది. అందుకే చివర్లో సిరీస్ బల్బుతో కాయిల్‌కీ బాడీకీ మధ్య చూస్తాం. వెలిగిందా, పని మొదటికే.

ఏ మోటారుకి ఎన్ని చుట్లు, ఏ గేజి అన్న లెక్కల పుస్తకాన్ని మేస్త్రీలు ప్రాణంలా దాచుకుంటారు. మా మేస్త్రీ రెండో వారంలోనే దాన్ని నా చేతిలో పెట్టి, "ఫొటోలు తీసుకోరా" అన్నాడు.