ఏ ప్యాకేజీ మీద ఎంత బరువు

2021 డిసెంబర్ రెండో వారంలో జావా వాడే ప్రతి సంస్థనూ ఒకే ప్రశ్న నిద్రపోనివ్వలేదు: మన సాఫ్ట్‌వేర్‌లో లాగ్‌ఫోర్‌జే ఎక్కడుంది? దేశవిదేశాల బ్యాంకులకు, బీమా సంస్థలకు జావా అప్లికేషన్లు రాసి నడిపే సైబరాబాద్‌కు ఇది ఇంటి సమస్యే. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టే లైబ్రరీ ఈ లాగ్‌ఫోర్‌జే. అందులోని లోపం వల్ల, ఒక ప్రత్యేకమైన అక్షరాల వరసను దానికి చేరవేస్తే చాలు, బయటివాడు తన కోడ్‌ను ఆ సర్వర్‌లో నడిపించగలడు.

చాలామంది దాన్ని కోరి తెచ్చుకోలేదు. వాళ్లు వాడిన లైబ్రరీకి అవసరమైన ఇంకో లైబ్రరీ వెంట అది వచ్చి చేరింది. గూగుల్ ఇంజనీర్లు జావా ప్యాకేజీల నిలయమైన మావెన్ సెంట్రల్‌ను జల్లెడ పట్టారు. లోపం సోకిన ప్యాకేజీల్లో 80 శాతానికి పైగా వాటిలో అది ఒక మెట్టు కంటే లోతున ఉంది. కొన్నింటిలో తొమ్మిది మెట్ల అడుగున ఉంది.

ఒక కోడ్ ఇంకో కోడ్ మీద ఎంత ఆధారపడిందో కొలవాలన్న ఆలోచన పాతదే. 1974లో స్టీవెన్స్, మైయర్స్, కాన్‌స్టంటైన్ ఐబీఎం పత్రికలో దానికి పునాది వేశారు. 1994లో రాబర్ట్ మార్టిన్ ఒక తేలికైన భిన్నం ఇచ్చాడు. ఒక ప్యాకేజీ ఎన్నింటి మీద ఆధారపడింది, దాని మీద ఎన్ని ఆధారపడ్డాయి అని లెక్కపెట్టి, మొదటి అంకెను రెండింటి మొత్తంతో భాగించాలి. సున్నా వస్తే అది ఎవరి మీదా ఆధారపడనిది, మిగతావాటిని మోస్తున్నది. దాన్ని మార్చాలంటే దాని మీద ఆధారపడినవన్నీ కదులుతాయి. ఒక కంపెనీ సొంత కోడ్‌కు ఈ లెక్క చక్కగా సరిపోయింది.

లక్షల ప్యాకేజీలు బహిరంగంగా అల్లుకున్నాక సరిపోలేదు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల నిలయం ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరసల కోడ్‌ను దాని రచయిత తీసేశాడు. కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే బేబెల్ పరోక్షంగా దాని మీద ఆధారపడి ఉండటంతో ఆగింది, బేబెల్‌తో పనిచేసే లెక్కలేనన్ని ప్రాజెక్టుల్లో బిల్డ్‌లు ఫెయిల్ అయ్యాయి. నేరుగా ఎందరు వాడుతున్నారన్నది ఒక్కటే చూస్తే ఈ ప్రమాదం కనపడదు. వాడేవాళ్లను ఎందరు వాడుతున్నారో కూడా చూడాలి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్న 1998లోనే వెబ్ పేజీలకు ర్యాంకు ఇవ్వడానికి ప్రచురితమైన పేజ్‌ర్యాంక్ పద్ధతి సరిగ్గా ఈ పనే చేస్తుంది. ప్రతి ప్యాకేజీ తన బరువును తాను ఆధారపడినవాటికి పంచుతుంది, అవి తమ కిందివాటికి పంచుతాయి. అంకెలు నిలకడకు వచ్చేదాకా ఇదే తిప్పితే అడుగున ఉన్నవి పైకి తేలతాయి.

అయినా నాకు తృప్తి లేదు, ఎందుకంటే ఆ ప్యాకేజీని ఎందరు చూసుకుంటున్నారో ఈ బరువు చెప్పదు, చెప్పే లెక్క కూడా దాన్ని తలకిందులుగా చూస్తుంది. 2020లో గూగుల్ ఇంజనీర్లు తెచ్చిన క్రిటికాలిటీ స్కోర్ సున్నా నుంచి ఒకటి దాకా మార్కు ఇస్తుంది. అందులో ఆధారపడినవాటి సంఖ్యతోపాటు పనిచేసేవాళ్ల సంఖ్య, కోడ్ ఎంత తరచుగా మారుతుందన్నదీ కలుస్తాయి. ఎక్కువమంది ఉంటే ఎక్కువ మార్కు. అంటే, ఒక్క మనిషి నిశ్శబ్దంగా నెట్టుకొస్తున్న లైబ్రరీ వెనకబడుతుంది. డేటాను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ అలాంటిదే. ఏళ్లపాటు దాదాపు ఒక్కరే చూసుకున్న ఆ ప్రాజెక్టులోకి సహాయకుడిగా చేరినవాడు దొంగదారి పెట్టాడు. ఆ దొంగదారి గురి, దూరం నుంచి కంప్యూటర్లలోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్; అసలు అది ఎక్స్‌జెడ్‌ను అడగనేలేదు. కొన్ని లినక్స్ పంపిణీలు చేర్చిన ప్యాచ్ వల్ల సిస్టమ్‌డీ లైబ్రరీ వచ్చింది, దాని వెంట ఎక్స్‌జెడ్ కూడా వచ్చింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం గమనించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ వల్ల ఆ దొంగదారి 2024 మార్చి 29న బయటపడింది.

ఆ ఏడాది అక్టోబర్‌లో మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఎస్‌బామ్ మార్గదర్శకాలు విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలున్నాయో, అవి ఏ వర్షన్లవో రాసిచ్చే జాబితానే ఎస్‌బామ్. సైబరాబాద్ కంపెనీలు ఆ జాబితాకు తమవంతుగా ఇంకో గడి చేర్చుకోవాలి: ఈ భాగాన్ని ఇప్పుడు ఎందరు చూసుకుంటున్నారు? అక్కడ ఒకటి అని కనిపించిన ప్రతి లైబ్రరీకీ తమ ఇంజనీర్ల పనిగంటల్లో కొన్ని కేటాయించాలి.